అయిదెకరాలు, ఆరుగురి మాటలు

ప్రశ్న: అక్కా, నమస్కారం. మాది ఒడిశాలో రాయగడ జిల్లా, గునుపూర్ దగ్గర పల్లె. ఇంట్లో తెలుగు, బయట ఒడియా. మాకు అయిదెకరాలు ఉంది. రెండెకరాలు పల్లం, మూడెకరాలు మెట్ట. ఇంటి లెక్కలు నేనే రాస్తాను కాబట్టి ఈ ఏడాది ఏం వేయాలో తేల్చమని అందరూ నా మీద పడ్డారు. మా ఆయన మెట్టంతా పత్తి వేద్దామంటారు. కలుపు మందు కొట్టినా చావని పత్తి విత్తనం షావుకారు అరువు మీద ఇస్తాడట, పంట మాత్రం ఆయనకే అమ్మాలట. కాగితం మిల్లుకి కర్ర తోలే ఏజెంటు నీలగిరి మొక్కలు పెట్టమంటున్నాడు. చిరుధాన్యాలు వేయించే ప్రభుత్వ మిల్లెట్ మిషన్ అమ్మాయి రెండుసార్లు వచ్చి చోళ్లు, అదే రాగులు, వేయమని చెప్పి వెళ్లింది. మా మరిది అగ్రికల్చర్ డిగ్రీ చదువుతున్నాడు. జన్యువులు సవరించిన వరి వస్తోంది, ఇంకా పాత గింజలేంటి అంటాడు. అటక మీద కుండల్లో ఉన్న విత్తనాలు వేయకపోతే అన్నం ముట్టనని మావయ్య భీష్మించుకున్నారు. రాత్రిళ్లు నిద్ర లేదు, ఒకటే టెన్షన్. వీళ్లందరిలో ఎవరి మాట వినాలి?
– ఒక చెల్లి, గునుపూర్ దగ్గర

జవాబు: చెల్లీ,

నీ ఉత్తరం చదువుతుంటే మా అమ్మ గుర్తొచ్చింది. మాది పర్లాకిమిడి అవతల ఒక పల్లె. ఏటా మృగశిర కార్తె వచ్చేసరికి మా ఇంట్లోనూ ఇదే పంచాయితీ. అప్పట్లో సలహా ఇచ్చేవాళ్లు ఇద్దరో ముగ్గురో. ఇప్పుడు నీ గుమ్మంలో షావుకారు, ఏజెంటు, మిషన్ అమ్మాయి, మరిది, మావయ్య, మీ ఆయన, అందరూ నిలబడ్డారు. ఒక్కొక్కరి వెనక ఒక్కో పెద్ద బలం ఉంది. విత్తన వ్యాపారం, మిల్లు, ప్రభుత్వం, సైన్సు, పెద్దల అలవాటు, ఇంటి అవసరం. మన తిండి, సేద్యం రేపు ఎటు పోవాలన్న గొడవ ఇంకా ఢిల్లీలోనే తేలలేదు. అది వచ్చి నీ పొలం గట్టు మీద కూర్చుంది. నిద్ర పట్టకపోవడంలో నీ తప్పేమీ లేదు.

నేనైతే వాళ్లలో ప్రతి ఒక్కరినీ ఒకే మాట అడుగుతాను. "నువ్వు చెప్పినట్టే వేస్తాం, పంట పోతే నీకేం పోతుంది?" షావుకారుకి ఏమీ పోదు, బాకీ అలాగే ఉంటుంది, వడ్డీ పెరుగుతుంది. ఏజెంటు ఇంకో ఊరికి వెళ్తాడు. మిషన్ అమ్మాయి రిపోర్టు రాసుకుంటుంది. మీ మరిది సెమిస్టరు ఆగదు. పోయేది మీ ఆయనకి, మావయ్యకి, నీకు, నీ పిల్లలకి. అందుకని ఆ ఇంటివాళ్ల మాటకే ఎక్కువ బరువు ఇవ్వు. మీ ఆయన, మావయ్య చెరో దిక్కు లాగుతున్నా సరే.

ముందు షావుకారు సంగతి. ఇందులో మొహమాటం లేకుండా చెప్తున్నాను, ఆ విత్తనం ఇంటి గడప దాటనివ్వకు. మన దేశంలో బీటీ పత్తికి, అంటే కాయ పురుగుని చంపే జన్యువు చొప్పించిన పత్తికి, 2002లో అనుమతి వచ్చింది. అలాంటి జన్యువులు రెండున్న బోల్‌గార్డ్-2 (బీజీ-2)కి 2006లో వచ్చింది. కలుపు మందు తట్టుకునే పత్తికి ఇంతవరకూ అనుమతి లేదు. అనుమతి లేని సరుకుకి బిల్లు ఇవ్వరు. మొలవకపోయినా, పూత రాలిపోయినా ఏ ఆఫీసుకి వెళ్లి ఏమని రాసిస్తావు? మా అన్నయ్య ఒక ఏడాది ఇలాగే బిల్లు లేని ప్యాకెట్లు తెచ్చాడు. చేను నడుమెత్తు పెరిగింది, కాయ పట్టలేదు. అమ్మినాయన దగ్గరికి వెళ్తే "నా దగ్గర కొన్నట్టు కాగితం చూపించు" అన్నాడు. అన్నయ్య చేతిలో ఖాళీ ప్యాకెట్లు తప్ప ఏమీ లేవు. వాటిని మా వదిన చాలాకాలం చూరులో దోపి ఉంచింది, ఎప్పటికైనా ఎవరైనా అడుగుతారేమోనని. ఎవరూ అడగలేదు.

షావుకారు ఇస్తానన్న ఆ పత్తి మీద కొట్టే కలుపు మందు గ్లైఫోసేట్. 2022 అక్టోబరులో కేంద్రం ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం దాన్ని పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లు తప్ప మామూలు రైతు కొట్టకూడదు. చట్టం మాట పక్కన పెట్టినా, ఆ మందు పడ్డాక చేలో పత్తి ఒక్కటే నిలబడుతుంది. నీ మెట్టలో వానలు పడ్డాక ఏమేం ఉంటాయో ఒకసారి తలుచుకో. సాళ్ల మధ్య కంది, అక్కడక్కడా బొబ్బర్లు, గట్టు వారగా గోంగూర, ఎవరూ వేయకుండానే మొలిచే గురుగు, చెంచలి, గలిజేరు. షావుకారు కలుపు అనే దాంట్లో సగం నీ పొయ్యి మీద కూర. కలుపు తీతకి మనుషులు దొరకడం లేదు, కూలి పెరిగిపోయింది అని మీ ఆయన అంటే మాత్రం కాదనకు. అది నిజమైన బాధ. దానికి వేరే దారి వెతుక్కోవాలి. మనిషి నెట్టుకుంటూ పోయే వీడర్ ఊళ్లో ఎవరి దగ్గరో ఉంటుంది. సాళ్లు సరిగ్గా తోలితే సగం కలుపు దానితోనే పోతుంది.

బీటీ వేస్తే పురుగు రాదు అన్న ధీమా కూడా ఇప్పుడు లేదు. గులాబి రంగు పురుగు బోల్‌గార్డ్-2ని తట్టుకోవడం నేర్చుకుంది. పురుగు ఆగకపోతే మందు డబ్బాలు పెరుగుతాయి. 2017లో మహారాష్ట్రలో, తెలంగాణకి ఆనుకుని ఉన్న యవత్‌మాల్ జిల్లాలో, పత్తికి మందు కొడుతూ ఆ విషం ఎక్కి ఇరవైమందికి పైగా ప్రాణాలు పోయాయి. అదీ నీ జిల్లాలాగే సరిహద్దు జిల్లా, పత్తిని నమ్ముకున్న జిల్లా. మీ ఆయన వీపున ట్యాంకు తగిలించుకుని వెళ్లిన రోజు నువ్వు ఎలా ఉంటావో నాకు తెలుసు.

ఇంత చెప్పానని పత్తే వద్దంటున్నానని అనుకోకు. పిల్లల ఫీజులకీ, రథయాత్రకి కొత్త బట్టలకీ చేతిలో డబ్బు ఆడాలి. చోళ్లు అమ్మి ఆ ఖర్చులన్నీ గట్టెక్కలేం. అనుమతి ఉన్న విత్తనమే, బిల్లు తీసుకుని, నగదు ఇచ్చి కొను. బీజీ-2 ప్యాకెట్ ధర కేంద్రమే నిర్ణయిస్తుంది, 2025-26కి 901 రూపాయలు. ఆ ఏడాదికి పెట్టిన ధర కంటే ఎక్కువ అడిగితే ఇవ్వక్కర్లేదు. షావుకారుకి బాకీ లేకపోతే పంటని సీసీఐ (ప్రభుత్వ పత్తి సంస్థ) కొనుగోలు కేంద్రానికి తోలుకునే స్వేచ్ఛ నీకుంటుంది. 2025-26కి మద్దతు ధర మధ్య రకం పింజకి క్వింటాకి 7,710, పొడవు పింజకి 8,110. తేమ 8 శాతం దాటితే ధర కోస్తారు, 12 దాటితే తీసుకోరు. మంచు ఆరకముందే ఏరిన పత్తిని నేరుగా బోరాల్లో కుక్కకుండా రెండు రోజులు ఆరబెట్టుకో. అరువు విత్తనంలో అసలు ఉచ్చు వడ్డీలో లేదు, "పంట నాకే అమ్మాలి" అన్న మాటలో ఉంది. అమ్మే రోజున ధర చెప్పేదీ, తూకం వేసేదీ, తరుగు తీసేదీ ఆయనే అవుతాడు.

నీలగిరి గురించి ఎక్కువ చెప్పను. మీ జిల్లా జేకేపూర్‌లో కాగితం మిల్లు 1960లలో వచ్చింది, దానికి కర్ర కావాలి, ఏజెంటు తిరుగుతాడు. మొదటి కోతకి నాలుగైదేళ్లు పడుతుంది, అన్నాళ్లూ ఆ నేల నుంచి పిడికెడు గింజ రాదు. కొట్టాక మోడు మళ్లీ చిగురిస్తుంది. తర్వాత మనసు మారి చోళ్లు వేద్దామన్నా మోళ్లు పెకలించడానికి జేసీబీ పెట్టాలి. రాళ్లగుట్ట వారగా ఏదీ పండని నాలుగు సెంట్లుంటే పెట్టుకో. పంట నేలలో వద్దు.

చోళ్ల విషయం కాస్త నిదానంగా మాట్లాడుకుందాం. ఒడియావాళ్లు మాండియా అంటారు, మనం చోళ్లంటాం. మన అమ్మమ్మలు చోడి అంబలి తాగే పొలానికి వెళ్లారు. ఒడిశా మిల్లెట్ మిషన్ 2017లో ఏడు జిల్లాల్లో ముప్పై బ్లాకులతో మొదలైంది, మీ రాయగడ, మా గజపతి రెండూ ఆ ఏడింటిలో ఉన్నాయి. ఇప్పుడు దాని పేరు శ్రీ అన్న అభియాన్. 2017-18లో చోళ్ల మద్దతు ధర క్వింటాకి 1,900. 2025-26కి 4,886. ఇది చిన్న మార్పు కాదు. టీడీసీసీ (గిరిజనుల కోసం పెట్టిన ప్రభుత్వ సహకార సంస్థ) వాళ్లు మండీ పెట్టి కొంటున్నారు, అంగన్‌వాడీల్లో పిల్లలకి చోడి లడ్డూలు పెడుతున్నారు.

అయితే చోళ్లు వేయమంటున్న ప్రభుత్వమే వరి ధాన్యానికి ఇంకా ఎక్కువ ఊతం ఇస్తోంది. 2025-26లో క్వింటాకి కేంద్రం ఇచ్చిన 2,369కి ఒడిశా ఇంకో 800 కలిపి ఇచ్చింది. క్వింటా ధర చోళ్లదే ఎక్కువ, ఎకరానికి దిగుబడి మాత్రం ధాన్యానిదే ఎక్కువ. పైగా రేషన్‌లో మనిషికి నెలకి అయిదు కిలోలు ఉచితంగా వస్తున్నాయి. బియ్యం ఊరికే వస్తుంటే చోళ్లు దంచి, జల్లించి, రాత్రి పులియబెట్టి, పొద్దున్నే అంబలి కాచే ఓపిక ఏ కోడలికి ఉంటుంది? చోళ్లు మన పళ్లెంలోంచి పోవడానికి ఆడవాళ్ల చాకిరీ ఒక పెద్ద కారణం. ఆ సంగతి మీటింగుల్లో ఎవరూ ఎత్తరు. అందుకే ఆ మిషన్ అమ్మాయి మళ్లీ వచ్చినప్పుడు ముందు పిండి మర గురించి అడుగు. దగ్గర్లో మర ఉందా, లేకపోతే మీ సంఘానికి ఇప్పిస్తారా అని. తర్వాత మండీ ఎప్పుడు తెరుస్తారు, ఎకరానికి ఎన్ని క్వింటాళ్లు తీసుకుంటారు, డబ్బు ఎన్ని రోజులకి ఖాతాలో పడుతుంది. జవాబులు నీ లెక్కల పుస్తకంలోనే ఆమె చేత రాయించుకో. ఆమె మంచి పిల్లే అయి ఉంటుంది, రెండుసార్లు ఎండలో నడిచి వచ్చింది కదా. కానీ రాయించుకో.

ఆమె చెప్పే నాటు పద్ధతి మాత్రం మంచిది. చోళ్లు వెదజల్లడం మానేసి నారు పోసి, పదిహేను ఇరవై రోజుల నారుని ఒక్కో మొక్కగా 25 సెంటీమీటర్ల ఎడంలో నాటడం. జానెడు పైచిలుకు దూరం అనుకో. విత్తనం చాలా తక్కువ పడుతుంది, పిలకలు బాగా వస్తాయి, వీడర్ తిరుగుతుంది. ఎనిమిది సాళ్ల చోళ్లకి రెండు సాళ్ల కంది వేస్తే సంక్రాంతి నాటికి పప్పు కూడా ఇంట్లోదే. వంద గ్రాముల చోళ్లలో 340 మిల్లీగ్రాములకి పైగా కాల్షియం ఉంటుంది, తెల్ల బియ్యంలో పదికి అటూ ఇటూ. మొత్తం అమ్మేయకుండా రెండు బస్తాలు పిల్లలకి ఉంచు.

ఇక మీ మరిది. ఆ అబ్బాయి మాట తీసిపారేయకండి. 2025 మే నెలలో కేంద్రం రెండు జన్యు సవరణ వరి వంగడాలని ప్రకటించింది. ఒకటి హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని భారత వరి పరిశోధన సంస్థది, డీఆర్‌ఆర్ ధాన్ 100. దానికి 'కమల' అని పేరు పెట్టారు. మనం ఇష్టంగా తినే బాపట్ల సాంబ మసూరి నుంచే దాన్ని తీశారు. బయటి జన్యువు ఏదీ చొప్పించలేదు, ఉన్నదాన్నే సవరించారు. దిగుబడి పెరుగుతుంది, దాదాపు ఇరవై రోజులు ముందే కోతకొస్తుంది అని ఆ సంస్థ చెబుతోంది. అదే నీ పల్లంలో నిజమైతే చివరి తడి నీళ్లు మిగులుతాయి, సంతోషమే. అది మీ ఊరికి వచ్చిన రోజున మరిదినే రెండు సంగతులు కనుక్కోమను. పండిన గింజని మళ్లీ విత్తనంగా దాచుకోవచ్చా? దాని మీద హక్కు ఎవరి చేతిలో ఉంది? అంతవరకూ దాని కోసం ఈ ఏడాది పంట ఆపుకోనక్కర్లేదు.

ఇంకో కమల కూడా ఉంది. కొరాపుట్ జిల్లా జయపూర్ దగ్గర పాత్రపుట్ ఊరి గిరిజన రైతు కమలా పుజారి. ఊళ్లు తిరిగి వందకి పైగా దేశవాళీ వరి రకాలు పోగుచేసి కాపాడింది. 2019లో పద్మశ్రీ ఇచ్చారు, 2024 జులైలో కన్నుమూసింది. కొరాపుట్ సంప్రదాయ సేద్యాన్ని ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 2012లో ప్రపంచ వ్యవసాయ వారసత్వంగా గుర్తించిందంటే అది అలాంటి ఆడవాళ్ల చలవే. ఈ ఇద్దరు కమలలూ నాకు తరచు కలిసే గుర్తొస్తారు. ల్యాబులో జన్యువుని సవరించాలన్నా ఆ జన్యువు ముందు ఎక్కడో ఒక చేలో బతికి ఉండాలి కదా. కరువు తట్టుకునేదీ, ముంపు తట్టుకునేదీ, తెగులు తట్టుకునేదీ శాస్త్రవేత్తలకి దొరికింది పాత రకాల్లోనే. మీ మావయ్యా మీ మరిదీ ఒకే గింజకి చెరో చివర పట్టుకుని ఉన్నారు. ఈ మాట వాళ్లిద్దరూ పక్కపక్కన కూర్చున్నప్పుడు చెప్పు.

మావయ్య పట్టుదల వెనక చట్టం కూడా ఉంది. 2001లో వచ్చిన మొక్కల రకాలు, రైతు హక్కుల పరిరక్షణ చట్టం ప్రకారం రైతు తన పంట గింజని దాచుకోవచ్చు, విత్తుకోవచ్చు, పక్కవాడికి ఇవ్వచ్చు, మార్చుకోవచ్చు, అమ్మచ్చు కూడా. బ్రాండు పేరు పెట్టి అమ్మకూడదు, అంతే. కానీ ఆయన కుండల్లో ఏముందో, ఎప్పటిదో నువ్వు రాయలేదు. నాకు భయం అక్కడే.

మా అమ్మ దగ్గర నల్ల సామల కుండ ఒకటి ఉండేది. గింజలో బూడిద కలిపి, వేపాకు పరిచి, మూత మీద పేడతో మెత్తి పెట్టేది. ఏటా ఇంటి వెనక చెక్కలో అవే వేసేది. తర్వాత ఒంట్లో బాగాలేక అన్నయ్యతో టౌనుకి వెళ్లిపోయింది. ఆరేళ్లు ఎవరూ ఆ కుండ తీయలేదు. అమ్మ పోయాక ఇల్లు సర్దుతూ దించాం. పేడ పెచ్చు గోటితో గిల్లి తీస్తే లోపల వేపాకు ఎండి పొడైపోయి ఉంది, గింజ మాత్రం చూడ్డానికి నిన్న నూర్చినట్టే ఉంది. ఒక్క పురుగు లేదు. తడిగుడ్డలో కట్టి వారం రోజులు చూశాను. ఒక్కటీ మొలవలేదు. మా చుట్టుపక్కల అడగని ఇల్లు లేదు, ఆ సామ ఇంకెవరి దగ్గరా లేదు. ఆ గుడ్డ పట్టుకుని వంటింటి గడప మీద ఎంతసేపు కూర్చున్నానో నాకే తెలీదు.

అందుకే, కుండని గౌరవించడం అంటే దాన్ని నేలలోకి దించడమే. మీ జిల్లాలోనే, బిస్సంకటక్ దగ్గర, దేబల్ దేబ్ అనే శాస్త్రవేత్త బసుధ అనే పొలంలో 1,400కి పైగా దేశవాళీ వరి రకాలని ఏటా మళ్లీ మళ్లీ నాటుతున్నారు. అడిగిన రైతుకి డబ్బు తీసుకోకుండా విత్తనం ఇస్తారు, పండాక కొంత తిరిగి ఇమ్మంటారు. మీ మావయ్యని, మరిదిని కలిపి ఒకరోజు అక్కడికి పంపించు. ఇద్దరికీ మాట్లాడుకోవడానికి ఏదో ఒకటి దొరుకుతుంది.

నీ స్థానంలో నేనుంటే ఇలా చేస్తాను. పల్లం రెండెకరాలు ఎప్పుడూ వేసే వరే, ఒక మూల పది సెంట్లు మావయ్య పాత ధాన్యానికి. మెట్టలో ఒక ఎకరం చోళ్లు, కందితో కలిపి. ఒక ఎకరం పత్తి, బిల్లున్న విత్తనంతో, చుట్టూ బొబ్బర్లు. మూడో ఎకరంలో పావు వంతు మావయ్య కుండలకి, సామ, కొర్ర, జొన్న ఏది మొలిస్తే అది. మిగతా ముప్పావు మీ ఆయన ఇష్టం. ఆయన మళ్లీ పత్తే అంటే ఒప్పుకో, తగువు పెట్టుకోకు. పెట్టుబడి చాలకపోతే లాంప్స్ సొసైటీలోనో (గిరిజన ప్రాంతాల సహకార సంఘం) మీ మహిళా సంఘంలోనో అప్పు తీసుకో. ఒడిశాలో 2023 ఖరీఫ్ నుంచి పంటల బీమాకి రైతు కట్టేది ఒక్క రూపాయే, దాని గడువు తేదీ ఇప్పుడే కనుక్కుని పుస్తకం అట్ట మీద రాసిపెట్టుకో.

మీ ఆయనతో మాట్లాడేటప్పుడు "మీరు చెప్పింది తప్పు" అనకు. ఆయనకి పత్తి మీద ప్రేమేమీ ఉండదు, అప్పు తీర్చాలన్న ఆరాటం ఉంటుంది. ఒక సాయంత్రం పిల్లలు పడుకున్నాక నీ పుస్తకం తెరిచి మూడేళ్ల పత్తి లెక్క ఇద్దరూ కలిసి వేయండి. విత్తనం, ఎరువు, మందు, కలుపు కూలి, వడ్డీ. తర్వాత అదే మూడేళ్లలో కందిపప్పు, కూరలు, పిండి బజారులో ఎంతకి కొన్నారో పక్కన వేయి. ఆ రెండో లెక్క చాలా ఇళ్లలో ఎవరూ వేయరు. వేశాక ఇద్దరూ ఒక మాట మీదికి వస్తారనే నా నమ్మకం.

ముందు ఈ వారం ఒక పని చెయ్యి. అటక మీద కుండలన్నీ దించు. ఒక్కో రకం ఏరకుండా వంద గింజలు లెక్కపెట్టి, తడిపిన గోనెగుడ్డ మీద వరసగా పరిచి, చాపలా చుట్టి నీడలో పెట్టు. గుడ్డ ఆరకుండా రోజూ నీళ్లు చిలకరించు. అయిదో రోజు ఒకసారి, ఎనిమిదో రోజు ఇంకోసారి విప్పి లెక్కపెట్టు. 75 పైన మొలిస్తే దిగులు లేదు. యాభై మొలిస్తే విత్తనం ఒకటిన్నర రెట్లు వేసుకో. పది మొలిచినా పారేయకు, ఆ పదీ పెరట్లో చిన్న మడిలో నాటి, కంకులు కొరుక్కుపోకుండా పిట్టలకి వల కట్టు. వచ్చే ఏటికి విత్తనం అవే. చుట్ట విప్పేటప్పుడు మావయ్యని, మీ ఆయన్ని, మరిదిని ముగ్గురినీ పక్కన కూర్చోబెట్టుకో. లెక్క పిల్లల చేత పెట్టించు. ఎన్ని మొలిచాయో నాకు రాయి.